వాయి దిగగానే



పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే చప్పుళ్లు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఎసరు మరుగుతుంటే గిన్నె మీద మూత కదిలే చప్పుడు. నూనె కాగాక ఆవాలు చిటపటమనడం. కరివేపాకు రెబ్బ పడగానే మూకుడు చుయ్యిమని లేచి, అంతలోనే సద్దుమణగడం. మా అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ, "అమ్మాయ్, పోపు మాడిపోతోందే, పొయ్యి తగ్గించు" అని కేకేసేది. అక్కణ్ణుంచి ఆవిడకి పొయ్యి కనిపించేది కాదు. ఆవాల చప్పుడు ఆగిపోయి ఎంతసేపయిందో చెవి లెక్కపెట్టుకునేది. మినప్పప్పు ఎరుపు తిరిగి నలుపులోకి వెళ్లబోయే వాసన ముక్కుకి అందేది. కంటితో పని లేకుండానే పోపు ఏ దశలో ఉందో ఆవిడకి తెలిసిపోయేది.

ఇవాళ నేను మాట్లాడబోయేది టీవీలో వచ్చే వంటల పోటీల గురించి. హోటళ్లలో పనిచేసే చెఫ్‌ల పోటీలు కావు. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లు, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, వంట మీద ఇష్టం తప్ప మరో అర్హత లేనివాళ్లు నిలబడే పోటీలు. కంటికి ఇంపుగా చూపించే టీవీ సంగతి రేడియోలో ఎందుకూ అని మీకు అనిపించవచ్చు. ఆ పోటీలన్నిటిలో నా మనసులో నిలిచిపోయిన ఘట్టం మాత్రం చెవితో వినవలసిందే. అది చెబుతాను.

2012లో అమెరికాలో మాస్టర్‌చెఫ్ పోటీ మూడో విడత జరిగింది. పోటీదారుల్లో క్రిస్టీన్ హా అనే యువతి ఉంది. వియత్నాం నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబం ఆమెది. ఆమెకు చూపు లేదు. పుట్టుకతో కాదు, చదువుకునే రోజుల్లో ఒక నరాల జబ్బు వచ్చి, క్రమంగా చూపు పోయింది. పోటీలో ఆమె పక్కన ఒక సహాయకురాలు ఉండేది. సామాను ఎక్కడుందో, పొయ్యి ఎటుందో చెప్పడం వరకే ఆ మనిషి పని. తరగడం, వేయించడం, ఉప్పు చూడడం అంతా క్రిస్టీన్‌దే. ఒకసారి ప్రాణంతో ఉన్న పీత ఆమె వంతుకు వచ్చింది. తోటి పోటీదారుడు కావాలనే అది ఆమెకు పడేలా చేశాడు. చేత్తో తడుముకుంటూనే దాన్ని పట్టి వండింది, మెప్పు పొందింది.

ఒక రోజు యాపిల్ పై చేయాలన్నారు. మైదా పిండి పెంకులో యాపిల్ ముక్కలు కూరి, ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం అది. అమెరికాలో ఇంటింటా చేస్తారు. క్రిస్టీన్ దాన్ని జడ్జీల ముందు పెట్టింది. తన పై సరిగ్గా రాలేదని ఆమెకు గట్టి నమ్మకం, మొహంలో ప్రాణం లేదు. జడ్జి గోర్డన్ రామ్సే, మామూలుగా నోటి దురుసుకు పేరుపడ్డ మనిషి, "ఇది ఎలా కనిపిస్తుందని నువ్వనుకుంటున్నావు?" అని అడిగాడు. చెత్తలా ఉంటుందని ఆమె అంది. అప్పుడాయన ఆ పై ఎలా ఉందో ఆమెకు వర్ణించి చెప్పాడు. పైపెంకు బంగారు రంగులో ఉందనీ, అంచులు చక్కగా ఎర్రబడ్డాయనీ చెప్పాడు. తర్వాత కత్తి తీసుకుని ఆ పెంకు మీద గీశాడు. గరగరమని చప్పుడు వచ్చింది. వినమన్నాడు. అంతవరకూ బిగబట్టుకున్న ఆ పిల్ల ఆ చప్పుడు విని కళ్లు తుడుచుకుంది.

గారె కరకరలాడుతోందో లేదో చెవికి తెలిసినట్టే, ఆ పిండి వంట సరిగ్గా కాలిందని ఆమె చెవికి తెలిసింది. వంటకం బాగుందని చెప్పడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నేనెరగను.

ఆ విడత గెలిచింది క్రిస్టీనే. రెండున్నర లక్షల డాలర్ల బహుమతి. మరుసటి ఏడాది వంటల పుస్తకం వచ్చింది. 2019లో హ్యూస్టన్ నగరంలో సొంత హోటల్ పెట్టింది. ఇవన్నీ సంతోషించదగ్గవే. అయితే నాకు అంతకన్నా ముఖ్యమనిపించిన సంగతి ఒకటుంది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ తల్లి మంచి వంటగత్తె. ఒక్క వంటకానికీ కొలతలు రాసి పెట్టలేదు. కాలేజీ రోజుల్లో ఈ పిల్ల అమ్మ చేతి రుచి నాలుక మీద గుర్తున్నంత వరకు పట్టుకుని, ఇంకాస్త పులుపు ఉండాలి, ఇంకాస్త ఉడకాలి అనుకుంటూ, ఒక్కొక్కటే తిరిగి కట్టుకుంటూ వచ్చింది. చివరి పోటీలో ఆమె పెట్టిన ముఖ్య వంటకం కూడా ఆ ఇంటి పద్ధతి కూరా, అన్నమూ. అమ్మ లేదు, కాగితం లేదు, చూపు లేదు. నాలుక జ్ఞాపకం ఒక్కటే ఉంది. ఆ జ్ఞాపకంతోనే అంతమంది ఎదుట నిలబడి గెలిచింది.

ఈ పోటీల పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకుందాం. మాస్టర్‌చెఫ్ మొదలైంది ఇంగ్లండులో, బీబీసీలో, 1990లో. కొన్నాళ్లు ఆగి 2005లో కొత్త రూపంతో మళ్లీ వచ్చింది. దానికి ఊరూవాడా జనాదరణ తెచ్చింది మాత్రం ఆస్ట్రేలియా. 2009లో అక్కడ మొదటి విడత గెలిచిన జూలీ గుడ్విన్ ముగ్గురు పిల్లల తల్లి. హోటల్ వాళ్ల హంగులు ఆమె వంటలో లేవు. ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనమే ఆమె బలం. మరుసటి ఏడాది చివరి పోటీ ప్రసారమయ్యే ఆదివారం రాత్రే అక్కడి ఎన్నికల్లో ప్రధాని పదవికి పోటీపడుతున్న జూలియా గిల్లార్డ్, టోనీ అబట్‌ల టీవీ చర్చ పడింది. వంటల పోటీ చూస్తూ జనం చర్చ చూడరని, చర్చనే ముందు గంటకు జరిపారు. ఒక దేశం తన వంటవాళ్లకు అంత విలువ ఇచ్చిందని విన్నప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది.

ఆ 2010లోనే మన దేశంలో స్టార్ ప్లస్‌లో మాస్టర్‌చెఫ్ ఇండియా మొదలైంది. గెలిచినావిడ పంకజ్ భదౌరియా, లక్నోలో బడిపంతులమ్మ. పదహారేళ్ల ఉద్యోగం మానేసి పోటీకి వెళ్లింది. ఆ వయసులో, సంసారం మధ్య, అంత స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకోవడానికి ఎంత తెగువ కావాలో మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020లో గెలిచిన అబినాస్ నాయక్ ఒడిశా కుర్రాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. 2021లో జెమినీ టీవీలో తెలుగు మాస్టర్‌చెఫ్ వచ్చింది. మొదట తమన్నా, తర్వాత అనసూయ వ్యాఖ్యాతలు. 2024లో సోనీలివ్‌లో మళ్లీ తెలుగులో వచ్చింది. యూట్యూబ్‌లో వారెవా చెఫ్‌గా ఇంటింటా తెలిసిన సంజయ్ తుమ్మా, చెఫ్ చలపతిరావుగారు రెండింటిలోనూ జడ్జీలుగా కూర్చున్నారు.

ఇంగ్లండులో ఇంకో పోటీ ఉంది, గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్. ఇదీ 2010లోనే మొదలైంది. పచ్చికబయల్లో తెల్లటి గుడారం వేసి, అందులో కేకులు, రొట్టెలు కాల్పిస్తారు. పోటీదారులు వారమంతా ఎవరి పనులు వాళ్లు చేసుకుని శని ఆదివారాలు వచ్చి పోటీలో నిలబడతారు. గెలిచినవాళ్లకి ఇచ్చేది డబ్బు కాదు. ఒక పూలగుత్తి, కేకు పెట్టుకునే గాజు పీట. 2015లో గెలిచిన నదియా హుస్సేన్ బంగ్లాదేశ్ మూలాలున్న కుటుంబపు పిల్ల. ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ ఇంట్లో ఉండేది. మరుసటి ఏడాది ఎలిజబెత్ రాణి తొంభయ్యో పుట్టినరోజుకు కేకు చేసిపెట్టమని ఆమెనే అడిగారు.

ఆ పోటీలో ప్రతి వారమూ పెట్టే పరీక్షల్లో నాకు బాగా నచ్చేది రెండోది. అందరికీ ఒకే సామాను ఇస్తారు, ఒకే కాగితం ఇస్తారు. ఆ కాగితంలో సగం సంగతులు రాయరు. "పిండి కలపండి, కాల్చండి" అని ఉంటుంది. ఎంతసేపు, ఎంత వేడి, పిండి ఎంత మెత్తన, ఏమీ ఉండదు. తయారైన వాటిని వరసగా బల్ల మీద పెడతారు, ఏది ఎవరిదో జడ్జీలకు తెలియదు. చెయ్యి ఎవరిదో, పేరు ఎవరిదో తెలియకుండా రుచి ఒక్కటే మాట్లాడే పరీక్ష అది. మన అమ్మలు, అత్తలు వంట చెప్పే తీరు కూడా ఇంతేకదా. "పిండి గట్టిగా రుబ్బు, కాస్త ఉప్పెయ్యి, ఎర్రగా వేయించు." ఎంత గట్టిగా? ఎంత కాస్త? అదంతా చేతికి తెలియాలి.

ఇక్కడ అరిసెల సంగతి చెప్పకుండా ఉండలేను. గడియారం పెట్టి, గంటలో చేసి చూపించమని పోటీలవాళ్లు రకరకాల పరీక్షలు పెడుతుంటారు. సంక్రాంతి ముందు మన ఇళ్లలో అరిసెల పాకం పట్టే పది నిమిషాలకు మించిన పరీక్ష నేనింతవరకు చూడలేదు. బియ్యం ఒక రోజంతా నానాలి. నీళ్లు ఓడ్చి, తడి ఆరీ ఆరకుండా ఉండగానే దంచాలి, కుదరకపోతే మరపట్టించాలి. జల్లించిన పిండి ఆరిపోకుండా అదిమి, తడిగుడ్డ కప్పాలి. అవతల పొయ్యి మీద బెల్లం కరిగి, నురగ కట్టి, చిన్న బుడగలు పెద్ద బుడగలయ్యే వేళకి గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని కూర్చోవాలి. గరిటెతో రెండు చుక్కలు అందులో వేసి, వేళ్లతో దగ్గరికి తీయాలి. దగ్గరికి రాకుండా నీళ్లలో కలిసిపోతే ఇంకా లేత. మెత్తగా ఉండ కట్టి, వేళ్ల మధ్య సాగినట్టుంటే అదీ అరిసెల పాకం. వేరుశనగ అచ్చుకైతే ఆ ఉండను పళ్లేనికేసి కొడితే ఠంగుమనాలి. అరిసెలకు ఆ చప్పుడు రాకూడదు. వచ్చిందంటే పాకం ముదిరిపోయింది, అరిసెలు రాళ్లవుతాయి. తొందరపడి లేత పాకంలో పిండి పోస్తే మూకుట్లో వేసిన అరిసె వేసినట్టే చెదిరిపోతుంది. ఆ రెంటి మధ్యా ఉన్నది ఒక నిమిషం, మహా అయితే రెండు.

అందుకే కిలో బియ్యానికి ఇంత బెల్లం అని ఎవరు చెప్పినా అది అటూఇటూగా చెప్పే లెక్కే. పిండిలో ఎంత తడి ఉందో, బెల్లం కొత్తదో పాతదో, ఆ రోజు గాలిలో చెమ్మ ఎంతో, అవన్నీ చూసి చెయ్యి నిర్ణయిస్తుంది. పాకం పట్టేటప్పుడు మా మేనత్త ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఏడాదికొకసారి జరిగే ఆ పరీక్షలో తప్పకుండా నెగ్గే మనిషి ఆవిడ. ఆవిణ్ణి ఎవరైనా, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, "ఏం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటాను" అనేది. ఆ జవాబు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. టీవీ పోటీలు ఎన్ని లోపాలున్నా ఒక పని చేశాయి. ఇంట్లో వంట చేసే మనిషికి పేరు రాసిన ఏప్రాన్ కట్టి, బల్ల ముందు నిలబెట్టి, "మీకు తెలిసినదేమిటో చూపించండి" అన్నాయి. ఆ ప్రశ్న అడగడమే గొప్ప.

లోపాలు లేవా? ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది గడియారం. గంట, గంటన్నరలో అయిపోయే వంటకే అక్కడ చోటు. మన రుచుల్లో సగానికి గంట చాలదు. ఇడ్లీ పిండి రాత్రంతా పులవాలి. ఉలవచారు పొద్దస్తమానం సన్నటి సెగ మీద మరగాలి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపితేగాని అసలు రుచి తెలియదు. పులిహోర కలిపిన గంటకన్నా నాలుగు గంటల తర్వాతే బాగుంటుంది. నిదానంగా తయారయ్యే వంటకు గడియారం పోటీలో అన్యాయం జరుగుతుంది. రెండోది, ఒక్క ప్లేటు అందంగా వండడం వేరు, ఆరుగురికి రోజూ రెండు పూటలా, ఒకరికి ఉప్పు తక్కువ, ఒకరికి కారం పనికిరాదు అని గుర్తుపెట్టుకుని వండడం వేరు. ఆ రోజువారీ వంటకు ఏ పోటీలోనూ మార్కులు లేవు.

అయినా ఆ గడియారాన్ని దాటి నిదానపు వంట మెప్పు పొందిన ఘట్టం ఒకటి ఉంది. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌చెఫ్ చివరి పోటీ. చివరికి మిగిలిన ముగ్గురిలో ఒకరు కిష్వర్ చౌధురీ. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన బెంగాలీ ఆడబిడ్డ. ఆఖరి పోటీ అంటే అందరూ ఎన్నడూ చూడని హంగులతో వండుతారు. ఆమె జడ్జీల ముందు పెట్టినదేమిటో తెలుసా? పాంతా భాత్. అంటే నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం. పక్కన ఉడకబెట్టి మెదిపిన బంగాళాదుంప, చేప. ఇలాంటిది హోటళ్లలో ఎక్కడా కనిపించదని ఆమె తనే చెప్పి మరీ పెట్టింది. జడ్జీలు తిని మెచ్చుకున్నారు.

పాంతా భాత్ అంటే మన చద్దన్నమేనండీ. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి పులుపెక్కే చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ ముక్క. గంజి, కడుగునీళ్లు కుండలో పోస్తూ, వాము, దబ్బాకు వేసి పులియబెట్టే తరవాణిది కూడా ఆ కుటుంబమే. పొలం పనికి వెళ్లేవాళ్లు ఎండ తగలకుండా తాగి వెళ్లేవారు. కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు తినడాన్ని పోతన భాగవతంలో ఎంత మురిపెంగా వర్ణించాడో మీకు తెలుసు. పెద్దల మాట చద్దన్నం మూట అని సామెత. అంత గౌరవం ఉన్న తిండిని నా చిన్నతనం నాటికే బీదవాళ్ల తిండి అని చిన్నచూపు చూడడం మొదలుపెట్టాం. చుట్టాలొస్తే చద్దన్నం గిన్నె తలుపు చాటుకి జరిపేవారు.

కిష్వర్ ఆ గిన్నెను తలుపు చాటు నుంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ పోటీలో ఆమె గెలవలేదు, మూడో స్థానంలో ఆగింది. కానీ ఆ వారమంతా ఢాకాలో, కోల్‌కతాలో, మనదగ్గర కూడా జనం చద్దన్నం గురించి మాట్లాడుకున్నారు. ఇంటి వంట తెలిసినవాళ్లు పోటీకి వెళ్లినందువల్ల జరగవలసిన మేలు ఇదే అని నా అభిప్రాయం. ఫ్రెంచి పేరున్న సాసు ప్లేటు మీద గీతలా గీయడం మన పిల్లలు బాగానే నేర్చుకుంటున్నారు, మంచిదే. దాంతోపాటు తమ ఇంట్లో అమ్మమ్మ చేసే మజ్జిగపులుసో, సకినాలో, సర్వపిండో, బొంగులో చికెనో తీసుకెళ్లి, "ఇది మాది" అని నిలబడితే చూడాలని నా కోరిక.

ఇక మన ఊళ్లలో జరిగే వంటల పోటీల మాట. సంక్రాంతికో ఉగాదికో మహిళా మండలులు, కాలనీ సంఘాలు, పత్రికలవాళ్లు పెడుతుంటారు. టీవీ దాకా వెళ్లలేని వేలమందికి ఇవే వేదికలు. చాలా ఏళ్ల క్రితం మా ఊళ్లో జరిగిన ఒక పోటీ నాకు బాగా గుర్తు. నిర్వహించిన సంఘం పేరు అక్కర్లేదు. మా పక్కింటి పిన్నిగారిని నేనే బలవంతపెట్టి తీసుకెళ్లాను. ఆవిడ గారెలకు మా వీధిలో సాటి లేదు. మినప్పప్పు పొట్టు కడిగి, రోట్లో వేసి, నీళ్లు పోయకుండా చేత్తో చిలకరిస్తూ రుబ్బేవారు. రుబ్బిన పిండి చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి, అప్పటిదాకా రోలు వదిలేవారు కాదు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, నాలుగు కరివేపాకు ముక్కలు. తడి చేసిన అరిటాకు మీద తట్టి, మధ్యలో వేలితో చిల్లి పెట్టి, నూనెలోకి జారవిడిస్తే ఒక్కటీ వంకర పోయేది కాదు. పైన పెళుసు, లోపల దూది.

వంటలు ఇంటి దగ్గరే చేసి పదింటికల్లా తెమ్మన్నారు. తెచ్చాం. జడ్జీలు పన్నెండున్నరకు వచ్చారు. ఆ రెండున్నర గంటలూ గారెలు మూతపెట్టిన గిన్నెలో తమ ఆవిరికి తామే మెత్తబడిపోయాయి. వచ్చినవాళ్లు బల్లల వెంట నడుస్తూ ఒక్కో దగ్గర చెంచాడు నోట్లో వేసుకుని, కాగితం మీద ఏదో రాసుకుని ముందుకెళ్లిపోయారు. గారె ఒకటి తుంచి, చిన్న ముక్క తిని, ఏమీ అనకుండా వెళ్లారు. మొదటి బహుమతి పుచ్చకాయను బుట్టలా చెక్కి, అందులో పళ్ల ముక్కలు నింపినవాళ్లకి ఇచ్చారు. చెక్కినావిడ పనితనం తక్కువని కాదు, ఎంతో ఓర్పుగా చేసిందే. కానీ అందులో పొయ్యి లేదు, పోపు లేదు, ఉప్పు కూడా లేదు. దాన్ని వంట అని ఎలా అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రిక్షాలో తిరిగి వస్తుంటే పిన్నిగారు ఎవర్నీ తప్పు పట్టలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని, "వాయి దిగగానే తినివుంటే వాళ్లకీ తెలిసేదమ్మా" అని ఒక్క మాటన్నారు. మళ్లీ ఏ పోటీకీ రాలేదు.

ఆ మాట నాతో ఉండిపోయింది. టీవీ పోటీల్లో జడ్జీలుగా కూర్చున్నవాళ్లు చెప్పిన సంగతి ఒకటి ఉంది. వంట జరుగుతున్నంతసేపూ వాళ్లు బల్ల బల్లకీ తిరిగి, పొయ్యి మీదే రుచి చూస్తూ ఉంటారు. కెమెరాలు సర్దుకుని, దీపాలు సరిచేసుకుని, ప్లేటు ముందుకు వచ్చేసరికి అది చల్లారిపోయి ఉంటుంది. కాబట్టి తీర్పులో ఎక్కువ భాగం వేడి మీద చూసిన రుచిదే. మనకు తెర మీద కనిపించేది ఆ చివరి ప్లేటు మాత్రమే. దాన్ని చూసి మనవాళ్లు పోటీ అంటే ప్లేటు అలంకరణ అనుకున్నారు. దొరవారి పద్ధతిలో పైకి కనిపించిందే తెచ్చుకున్నాం, లోపల జరిగేది తెచ్చుకోలేదు.

ఆమధ్య ఒక పల్లెలో పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ఒప్పుకునే ముందు ఒక్కటే అడిగాను, వంట అక్కడే చేయించమన్నాను. బడి ఆవరణలో చింతచెట్టు కింద పన్నెండు పొయ్యిలు పెట్టారు. కొందరు కట్టెలు, కొందరు చిన్న గ్యాసు పొయ్యిలు. ఇద్దరు మగవాళ్లు కూడా వచ్చారు. ఒకాయన రోజూ లారీ తోలే మనిషి, దారిలో వండుకునే అలవాటట, టమాటా పప్పు చేశాడు. నేనూ, ఆ ఊరి టీచరమ్మా పీటలు వేసుకుని కూర్చున్నాం. ఒక్కొక్కరి వంటా దిగుతుంటే అక్కడికే వెళ్లి, ఆకులో వేయించుకుని, అన్నంతో కలుపుకుని తిన్నాం. కూరను అన్నంలో కలపకుండా చెంచాతో తిని మార్కులెలా వేస్తాం?

ఒక ముసలమ్మ గోంగూర పులుసు చేసింది. మాట్లాడే మనిషి కాదు. పులుసు దించి, వెల్లుల్లి తిరగమోత పెట్టి, మూత వేసి, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగమ్మా, చప్పుడు పోనీ" అంది. మూత కింద పోపు ఇంకా సన్నగా బుసబుసమంటోంది. అది పూర్తిగా అణిగాక మూత తీసింది. ఆ వాసనకి మిగతా పదకొండు పొయ్యిల దగ్గరివాళ్లూ తలెత్తి చూశారు. బహుమతి ఎవరికివ్వాలో మేమిద్దరం చర్చించుకోవలసిన అవసరం కలగలేదు. ఆవిడ పేరు మైకులో పిలిచినప్పుడు ఆ ఇంటి కోడలు, "మా అత్త పేరు ఇట్టా మైకులో వినడం ఇదే మొదటిసారి" అంది. ఆ సాయంత్రమే ఆ కోడలి చేత పులుసు కొలతలు ఒక కాగితం మీద రాయించాం. గోంగూర ఎన్ని కట్టలు, నీళ్లు ఎన్ని చెంబులు, వెల్లుల్లి ఎన్ని రెబ్బలు. చప్పుడు పోయేదాకా మూత తీయకూడదు అన్నది కూడా రాయించాం.

శ్రోతలారా, ఈసారి సంక్రాంతికి మీ కాలనీలో, మీ ఊళ్లో వంటల పోటీ పెడుతున్నారా? అయితే నాది ఒక విన్నపం. ఇంటి దగ్గర వండి తెమ్మనకండి, అక్కడే పొయ్యిలు పెట్టించండి. నిదానంగా అయ్యే వంటలకు ముందు రోజే మొదలుపెట్టే వీలివ్వండి. అలంకరణకు మార్కులు పదిలో ఒకటికి మించనీయకండి. గెలిచినవాళ్లవే కాదు, వచ్చిన ప్రతి ఒక్కరి వంటా వాళ్ల పేరుతో సహా కాగితం మీద రాయించి దాచండి. జడ్జీలను వేళకు రమ్మనండి, అన్నంతో కలుపుకుని తినమనండి. గారెలైతే మాత్రం వాయి దిగగానే తినమనండి.